పులికాట్ పడవ విహారం: రేవు గురించి నా సమీక్ష

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట, తడలతో పాటు పులికాట్ సరస్సులోని పెద్ద భాగం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. శ్రీకాళహస్తి మీదుగా కారులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరమే అయినా, తిరుపతివాసుల్లో అటు వెళ్లేవారు తక్కువ. ఈ సంక్రాంతి సెలవుల్లో ఆ ఒడ్డున ఒక రేవు నుంచి కుటుంబంతో పడవ విహారం చేశాము.

లైఫ్ జాకెట్ వేసుకోనివారిని సిబ్బంది పడవ ఎక్కనివ్వరు. టిక్కెట్లిచ్చే చోట నీడ లేదు. నాకు బాగా నచ్చిన సంగతి వేరు: జాలర్లు నిత్యం వాడుకునే ఆ రేవులో యాత్రికుల కోసం వారి పని ఆగదు. ఉదయం వలల పడవలు రొయ్యలనూ చేపలనూ దించి, తూకం ముగించేదాకా విహార పడవ కదలదు. మాతో వచ్చినవారిలో కొందరు విసుక్కున్నారు గాని, రేవు ఎవరిదో వారికే మొదటి హక్కు ఉండడం న్యాయం.

లోపమంతా నీటి అంచున ఉంది. డీజిల్‌ను క్యాను నుంచి గరాటుతో పోస్తుంటే ఒలికినదంతా సరస్సులోకే పోతున్నది. పడవ అడుగున చేరిన నూనె నీళ్లనూ అక్కడే తోడి పారబోస్తున్నారు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అయినప్పటికీ పులికాట్‌కు లోతు తక్కువ; శ్రీహరికోట దీవి అడ్డుగా ఉండగా, సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడుతుంటాయి కాబట్టి, ఒలికిన నూనె తొందరగా బయటికి పోదు. రొయ్య పిల్లలు పెరిగేదీ, ఫ్లెమింగోలు మేత వెతుక్కునేదీ ఆ నీటిలోనే. ఇంధనం పోసేచోట ఒక పళ్లెం, మురికి నూనెకు ఒక డ్రమ్ము పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

రేవును పెంచాలనుకుంటే రాళ్లు పోసి దిమ్మె కట్టవద్దు. అది ప్రవాహాన్ని అడ్డుకుని ఇసుకను పోగుచేస్తుంది. ఓడల రాకపోకలు ఆగని కొచ్చి నౌకాశ్రయంలోనే 2023 ఏప్రిల్‌లో మొదలైన వాటర్ మెట్రో అనే ప్రజా పడవ రవాణాకు తేలే జెట్టీలు, బ్యాటరీతో నడిచే పడవలు ఉన్నాయి. అంత పెద్ద ఏర్పాటు ఇక్కడ అక్కరలేదు గాని, ఒక తేలే వేదిక, సౌర విద్యుత్తుతో ఛార్జయ్యే ఒకటి రెండు చిన్న పడవలు ఈ లోతు తక్కువ నీటికి చక్కగా సరిపోతాయి.

ఐదుకు మూడు మార్కులిస్తాను. వెళ్లేవారు శీతాకాలంలో, చేపల తూకాలు ముగిసే వేళకు చేరుకుంటే ఎదురుచూపు తగ్గుతుంది. ఫ్లెమింగోల దగ్గరికి పోనివ్వమని పడవ నడిపేవారిని మాత్రం బలవంతపెట్టకండి. ఇంజను చప్పుడుకు గుంపంతా మేత విడిచి లేచిపోతుంది.