78, 45, 33 మూడూ ఉన్న ఇంట్లో ఏటీ-ఎల్‌పీ120ఎక్స్‌యూఎస్‌బీ: కొన్నేళ్లు వాడాక

మా ఇంట్లో రికార్డులు మూడు రకాలు. తాతయ్య తెనాలిలో ఉన్నప్పుడు కొన్న 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క ప్లేట్లు, అంటే పౌరాణిక నాటకాల సెట్లు, హరికథలు, పద్యాలు. నాన్నా బాబాయీ పోటీపడి కొన్న సినిమా పాటల ఈపీలు, అంటే 45లో తిరిగే చిన్న ప్లేట్లు. ఆ తర్వాత వచ్చిన, 33లో తిరిగే ఎల్పీలు, వాటిలో సగానికి పైగా కర్ణాటక సంగీతం. ఇవన్నీ ఒకే మెషీన్ మీద వినాలి, పనిలో పనిగా కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆ లెక్కతో ఆడియో-టెక్నికా వాళ్ల ఏటీ-ఎల్‌పీ120ఎక్స్‌యూఎస్‌బీ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) తీసుకున్నాను. హైదరాబాద్‌లో మా ఇంట్లో కొన్నేళ్లుగా వారానికి రెండు మూడు సాయంత్రాలు తిరుగుతూనే ఉంది. ఇప్పుడు ఎవరైనా "ఏ టర్న్‌టేబుల్ కొనమంటారు?" అని అడిగితే, ముందు మీ అటక మీద ఏముందో చూసి రండి అంటాను. పెట్టె మీద యూఎస్‌బీ అని రాసి ఉందా లేదా అన్నది ఆఖరున చూసుకోవచ్చు.

ఎందుకంటే ఇప్పుడు మార్కెట్లో దొరికే వాటిలో చాలావాటికి 78 స్పీడే ఉండదు. ఇదే కంపెనీ ఎల్‌పీ60ఎక్స్ చవక, బటన్ నొక్కితే ఆర్మ్ దానంతటదే వెళ్లి ప్లేటు మీద వాలుతుంది, అయిపోగానే వెనక్కి వస్తుంది. కానీ అందులో 33, 45 మాత్రమే. రేగా కంపెనీ ప్లానార్ 1 శబ్దం నాకు చాలా నచ్చింది. అయితే 33 నుంచి 45కి మారాలంటే పైన పళ్లెం తీసి బెల్టును చేత్తో మార్చాలి, ఈపీలు ఎక్కువున్న ఇంట్లో అది విసుగు. 78 అందులోనూ లేదు. ఇక సూట్‌కేసు ఆకారంలో, ముచ్చటైన రంగుల్లో వచ్చేవి ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం సిరామిక్ కార్ట్రిడ్జ్‌తో (ముల్లు కదలికను కరెంటుగా మార్చే భాగం) వస్తాయి, ముల్లు ప్లేటు మీద మోపే బరువు తగ్గించుకునే వీలుండదు. అయిదు గ్రాములో, ఇంకా ఎక్కువో మోపి ఎల్పీ మీద నడిపిస్తాయి. కొత్తగా అచ్చయిన ప్లేట్లయితే మీ ఇష్టం. మళ్లీ దొరకని నాన్నగారి ఈపీని మాత్రం దాని కింద పెట్టకండి.

అమెరికా నుంచి పాతది తెప్పించుకుందామనుకునే వాళ్లకు ఇంకో మాట. మా బంధువు ఒకరు న్యూజెర్సీలో గరాజ్ సేల్‌లో కొన్న పాత బెల్ట్ డ్రైవ్ మెషీన్ తెచ్చి ఇచ్చాడు. 110 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఆన్ చేస్తే చక్కగా తిరిగింది, పాట మాత్రం సాగిపోయింది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. సింక్రనస్ మోటారు ఆ హెర్ట్జ్‌ను బట్టే తిరుగుతుంది కాబట్టి 33⅓ తిరగాల్సిన ప్లేటు 28 లోపే తిరుగుతుంది, శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. గాయని గొంతు గాయకుడి గొంతైపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు. కొన్ని మోడళ్లకు 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా దొరుకుతుంది, అన్నిటికీ దొరకదు. ఎల్‌పీ120ఎక్స్‌లో మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పుతుంది, స్పీడును క్వార్ట్జ్ పట్టి ఉంచుతుంది, కరెంటు అడాప్టర్ ద్వారా వస్తుంది. కాబట్టి ఆ గొడవే లేదు. పళ్లెం అంచున చుక్కల వరసలు, పక్కన చిన్న లైటు ఉంటాయి. చుక్కలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తే స్పీడు సరిగ్గా ఉన్నట్టు.

చూడ్డానికి ఇది 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 వంశానికి తమ్ముడిలా ఉంటుంది. దాదాపు ఎనిమిది కిలోలు, పలకలాంటి టీపాయ్ మీద పెడితే లాభం లేదు. ఎస్ ఆకారపు ఆర్మ్, విప్పి మార్చుకోగల హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్‌ను పట్టుకునే ముక్క), వెనక బరువు, యాంటీ-స్కేట్ (ఆర్మ్ లోపలికి లాక్కుపోకుండా ఆపే ఏర్పాటు), ఆర్మ్ ఎత్తు సర్దుకునే రింగు అన్నీ ఉన్నాయి. మొదటిసారి బిగించుకోవడానికి ఒక గంట ఓపిక చాలు. దీనితో వచ్చే ఏటీ-వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కు ముల్లు మోపాల్సిన బరువు రెండు గ్రాములు. ఆర్మ్ మీది అంకెల్ని నమ్ముకోకుండా నగల త్రాసులాంటి చిన్న డిజిటల్ గేజ్ ఒకటి కొనుక్కోండి, ఖరీదేం కాదు.

ఒకటి తెలిసే కొనాలి: ఇది పూర్తిగా చేతి పని. ప్లేటు అయిపోతే ఆర్మ్ లేవదు, చివరి గాడిలో ముల్లు అలా తిరుగుతూనే ఉంటుంది. ఆదివారం భోజనం చేసి వాలుకుర్చీలో వింటూ కునుకు తీసే అలవాటుంటే ఎల్‌పీ60ఎక్స్ లాంటి ఆటోమేటిక్కే మేలు.

ఈ మెషీన్ని నేను వదలకపోవడానికి అసలు కారణం ముల్లు. వీఎం95 వరసలో కార్ట్రిడ్జ్ ఒకటే ఉంచి ముల్లు మాత్రం లాగి ఇంకోటి తగిలించుకోవచ్చు. దీనితో వచ్చే ఆకుపచ్చది ఎలిప్టికల్, అంటే అండాకారపు కొన. కంపెనీ లెక్కలో దాని ఆయుష్షు సుమారు 300 గంటలు. అది అరిగాక నేను ఎర్రది, మైక్రోలీనియర్ వేశాను. దానికి 1000 గంటలంటారు. ధర ఎక్కువే, కానీ తేడా వినగానే తెలిసింది. ఏ ప్లేటులోనైనా లేబుల్ దగ్గరికి వచ్చేకొద్దీ ముల్లు కింద గాడి నడిచే వేగం తగ్గి, శబ్దపు అలలు గాడిలో ఇరుకవుతాయి. ఈపీ ఒక్కో వైపు రెండేసి పాటలు కుక్కుతారు కాబట్టి రెండో పాట ఎప్పుడూ నష్టపోతుంది. శ, ష, స వచ్చిన చోటల్లా గాయని గొంతు చిరిగినట్టు వినిపించేది. ప్లేటు అరిగిపోయిందనే అనుకుంటూ వచ్చాం. మైక్రోలీనియర్ సన్నటి అంచు, పాత ముళ్లు తాకని చోట గాడి గోడను తాకుతుంది. అన్నీ బాగుపడలేదు, కొన్ని నిజంగానే అరిగిపోయాయి. కానీ ఇక పనికిరావని పక్కన పెట్టిన ఈపీల్లో చాలావరకు మళ్లీ వినే స్థితికి వచ్చాయి.

78 లక్క ప్లేట్ల సంగతి వేరు. వాటి గాడి ఎంతో వెడల్పు. ఎల్పీ ముల్లు పెడితే అడుగున చేరిన మట్టిని దున్నుకుంటూ పోతుంది, పాట కంటే గరగరే ఎక్కువ. వాటి కోసం ఇదే వరసలో ఎస్‌పీ అని 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) ముల్లు ఉంది, దానికి బరువు సుమారు అయిదు గ్రాములు కావాలి. నేను ఇంకో హెడ్‌షెల్‌కు ఇంకో కార్ట్రిడ్జ్ బిగించి దాన్ని 78లకే వదిలేశాను. మార్చినప్పుడల్లా బరువు మళ్లీ సర్దుకోవాలి. బద్ధకం వేసి మానేస్తే ముందు దెబ్బతినేది ఎల్పీ.

78 స్పీడు లేని మెషీన్ ఇప్పటికే ఉంటే ఇంకో దారి ఉంది. ప్లేటును 45లో రికార్డు చేసి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వేగం పెంచుకోవచ్చు. అయితే ప్రీఆంప్‌లో (ముల్లు నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే భాగం) ఉండే ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్, అంటే కింది స్వరాలు, పై స్వరాల హెచ్చుతగ్గులను సరిచేసే ప్రమాణం, అప్పుడు తప్పు చోట పడుతుంది, స్వరం రంగు మారుతుంది. అసలు పాత 78లు ఆ ప్రమాణం రాకముందువి కాబట్టి సరైన స్పీడులో వేసినా కాస్త మొద్దుగానే వినిపిస్తాయి, సాఫ్ట్‌వేర్‌లో పై స్వరాలు కొంచెం ఎత్తుకోవాలి. పేరుకు 78 గానీ పాతవన్నీ కచ్చితంగా 78లోనే రికార్డు చేయలేదు. నాటకం పద్యాల్లో వెనక హార్మోనియం ఉంటుంది కదా, శ్రుతి ఏ రెండు మెట్ల మధ్యనో తేలుతుంటే పిచ్ స్లైడర్‌ను (స్పీడును కాస్త పెంచే, తగ్గించే మీట) అటూ ఇటూ జరిపి చూస్తాను. ఆనాటి హార్మోనియం ఇవాళ్టి కొలతకు కట్టి ఉండాలనేం లేదు కాబట్టి చివరి తీర్పు చెవిదే. రాగం తీసేటప్పుడు మనిషి గొంతులా ఉందా, కీచుగా ఉందా అన్నదే చూసుకుంటాను.

ఇక యూఎస్‌బీ. కేబుల్ పెట్టగానే ల్యాప్‌టాప్ గుర్తుపడుతుంది, ఆడాసిటీలో ఎంచుకుంటే చాలు. శబ్దాన్ని అంకెలుగా మార్చే లోపలి కన్వర్టర్ 16 బిట్. 24 బిట్ కావాలనుకునే వాళ్లు విడిగా ఆడియో ఇంటర్‌ఫేస్ కొనుక్కుని వెనకాల లైన్ అవుట్ నుంచి తీసుకోవచ్చు. నేను రెండూ చేసి చూశాను. మా పాత ప్లేట్ల గరగర ముందు ఆ తేడా నా చెవికి తెలియలేదు. శుభ్రంగా ఉన్న కర్ణాటక ఎల్పీలకు మాత్రం మంచి ఫోనో ప్రీఆంప్ విడిగా పెట్టడం వల్ల లాభం కనిపించింది. రికార్డు చేసేటప్పుడు గుమ్మనే హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. మన ఇళ్లలో ఎర్తింగ్ సంగతి తెలిసిందే కదా, చాలాసార్లు దాంతోనే పోతుంది.

రికార్డింగ్ లెవెల్ అతి పెద్ద శబ్దం వచ్చినప్పుడు -6 డీబీ దగ్గర ఉండేలా చూసుకుంటే శబ్దం పగలదు. రికార్డింగ్ ఎంతసేపు పడుతుందో అని అడుగుతారు. ప్లేటు తిరిగినంత సేపూ పడుతుంది, అందులో దగ్గరదారి లేదు. 78 ఒక్కో వైపు మూడు నిమిషాలు, ఎల్పీ ఒక వైపు ఇరవై. దానికి రెట్టింపు సమయం పాటలు విడగొట్టడానికి, పేర్లు పెట్టడానికి పోతుంది. పాత ఈపీలు, 78లు మోనో. అవి రికార్డయ్యాక రెండు ఛానెళ్లనూ కలిపి మోనో చేసేయండి. పాట ముల్లును పక్కలకే కదిలిస్తుంది, పైకీ కిందికీ కదిలించేది దుమ్మూ గరగరా, అది కలిపినప్పుడు చాలావరకు రద్దయిపోతుంది. పైసా ఖర్చు లేకుండా ఇంత మేలు చేసేది ఈ పని మొత్తంలో ఇంకోటి లేదు.

టపటపలు తీసే క్లిక్ రిమూవల్ మెల్లగా వాడితే పర్వాలేదు. నాయిస్ రిడక్షన్ అంటే మాత్రం నాకు భయం. కచేరీ ఎల్పీలో ఆ సన్నటి హోరుతో పాటు తంబూరా కూడా పోతుంది. గాయకుడు ఖాళీ గదిలో ఒంటరిగా పాడుతున్నట్టు తయారవుతుంది. శుభ్రం చేయనిది ఒకటి ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గని ఫైలు రకం) దాచి, శుభ్రం చేసింది విడిగా పెట్టుకుంటాను.

శబ్దం శుభ్రం చేసే ముందు ప్లేటు శుభ్రం చేయాలి. కోస్తా ఇళ్ల నుంచి వచ్చిన వాటికి బూజు ఖాయం. వినైల్‌కు, అంటే ఎల్పీలకూ ఈపీలకూ, డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల లిక్విడ్ సోప్, మెత్తటి బ్రష్ సరిపోతాయి, లేబుల్ తడవకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడే వాళ్లున్నారు, అది వినైల్‌కే. లక్క ప్లేటు మీద పోస్తే లక్క కరిగి పాటే పోతుంది.

నాటకం సెట్లు ఎక్కించేటప్పుడు కవర్లను నమ్మకండి. ఇన్నేళ్లలో చేతులు మారి ఒకదాని కవర్లో ఇంకోటి ఉంటుంది. లేబుల్ మీది నంబరు, ఎన్నో భాగమో చూసి వరస పెట్టండి. లేబుల్ ఫొటో తీసి అదే ఫోల్డర్లో వేయండి. హెచ్‌ఎంవీ, కొలంబియా, ఓడియన్ లేబుళ్ల మీద పేర్లు ఒక్కోసారి ఇంగ్లిషులో విచిత్రంగా అచ్చయి ఉంటాయి, తెలుగులో మీరే రాసి పెట్టుకోవాలి. నెట్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే మన చట్టంలో సౌండ్ రికార్డింగుకు హక్కు విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. పాట రాసినవారి, బాణీ కట్టినవారి హక్కు వేరే లెక్క.

ఇంట్లో 78లు లేకపోతే, ఎల్పీలు పదో పదిహేనో ఉంటే ఇంత మెషీన్ అక్కర్లేదు, ఎల్‌పీ60ఎక్స్‌లోనే యూఎస్‌బీ ఉన్నది తీసుకోండి. 78లున్న వాళ్లు దీన్ని కొనే రోజే ఎస్‌పీ ముల్లుకూ డబ్బు పక్కన పెట్టుకోండి. అది లేకుండా 78 స్పీడు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.