సెఫారియా యాప్: చెన్నైలో కూర్చుని తోరా చదవాలనుకునే తెలుగువాళ్లకి

యూదు సంప్రదాయంలో చదువే ఒక ఆరాధన. 1796లో అచ్చయిన తన్యా అనే యూదు మార్మిక గ్రంథం ఐదో అధ్యాయంలో ఈ సంగతి సూటిగా ఉంటుంది: తోరాలోని, అంటే మోషే ధర్మశాస్త్రంలోని, విషయాన్ని మనిషి బుద్ధి అందుకున్నప్పుడు దేవుడి జ్ఞానం ఆ బుద్ధిలో ఇముడుతుంది, బుద్ధి కూడా ఆ జ్ఞానంలో మునుగుతుంది. దేవుణ్ణి ఇలా అంటిపెట్టుకోవడాన్ని దెవెకూత్ అంటారు. యూదు గ్రంథాలను మూలంతో, అనువాదంతో చదివించే సెఫారియా యాప్‌ని ఈ కొలతతోనే చూడాలి. అందులో ఎన్ని పుస్తకాలున్నాయో తర్వాత చూద్దాం. ఒక్క వచనం దగ్గర మనసు నిలవడానికి అది సాయపడుతోందా? పడుతుంది, కానీ దాన్ని వాడే పద్ధతి తెలియాలి. 5కి 4 ఇస్తాం.

2011లో జాషువా ఫోయర్, బ్రెట్ లాక్‌స్పైజర్ మొదలుపెట్టిన లాభాపేక్ష లేని సంస్థ ఇది. వెబ్‌సైటు, ఫోన్ యాప్ రెండూ ఉచితం, ప్రకటనలు ఉండవు. కోరెన్ ప్రచురణ సంస్థ వారి హీబ్రూ-ఇంగ్లీషు తాల్మూద్ (యూదు ధర్మచర్చల మహాసంకలనం) అచ్చు సెట్టు 42 సంపుటాలు. దాన్ని తెప్పించుకునే ఖర్చు అటుంచి, మాంబలంలో అద్దె ఇంట్లో పెట్టుకోవడానికి గోడే దొరకదు. రబ్బీ (యూదు మతగురువు) స్టైన్‌సాల్ట్స్ చేసిన ఆ అనువాదమే 2017 నుంచి సెఫారియాలో ఊరికే చదువుకోవచ్చు.

ఆ అనువాదంలో లావు అక్షరాల్లో ఉన్నది మూలానికి నేరు అనువాదం, మామూలు అక్షరాల్లో ఉన్నది వివరణ. చాలామంది ఈ తేడా గమనించక, వివరణను తాల్మూద్ మాటగా ఎత్తి చూపుతుంటారు. ముందు లావు అక్షరాలు మాత్రమే చదవండి. అర్థం ఎక్కడ తెగిందో గుర్తు పెట్టుకుని, అప్పుడు మొత్తం చదవండి. మూలం ఎంత క్లుప్తంగా ఉందో, మధ్య ఖాళీలో మీరు ఎంత ఆలోచించాలో అప్పుడే తెలుస్తుంది. తాల్మూద్‌లోని దాదాపు ప్రతి గ్రంథమూ 2ఎ (రెండో ఆకు మొదటి వైపు) నుంచే మొదలవుతుంది, మొదటి పేజీ ఎగిరిపోయిందని కంగారు పడొద్దు. తాల్మూద్ మీద ప్రసిద్ధ వ్యాఖ్యాత రాషి రాసిన వ్యాఖ్యానం మాత్రం చాలాచోట్ల హీబ్రూలోనే ఉంది, ఇంగ్లీషు మీదే ఆధారపడేవాళ్లకి అది పెద్ద లోటు.

యాప్‌కి అసలు బలం వచనం మీద వేలు పెడితే తెరుచుకునే పక్క పలక. ఆదికాండము 28:12 తీసుకోండి, యాకోబు కలలోని నిచ్చెన. పలకలో వ్యాఖ్యానాల కింద రాషి కనిపిస్తాడు. దూతలు పైనుంచి రావాలి కదా, వచనం ముందు ఎక్కడం, తర్వాత దిగడం అని ఎందుకు చెప్పింది? ఆ దేశంలో యాకోబు వెంట ఉన్న దూతలు దేశం దాటి రారు, వాళ్లు పైకి వెళ్లారు, బయటి దేశపు దూతలు దిగారు అని రాషి జవాబు. అక్కడి నుంచి మిద్రాష్ (వచనాల మీద ప్రాచీన రబ్బీల వివరణలు, కథలు) విభాగంలోకి వెళ్లి, ఆదికాండము మీది బెరేషిత్ రబ్బా 68:12 చూస్తే, నిచ్చెనంటే సీనాయి కొండే అన్న మాట దొరుకుతుంది. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుంది; సులాం (నిచ్చెన), సీనాయి రెండింటి అక్షరాల విలువా 130. ధర్మశాస్త్రం దిగివచ్చిన కొండే మనిషి ఎక్కే నిచ్చెన అయిందన్నమాట. అచ్చు పుస్తకాల్లో ఈ రెండడుగులకే రెండు సంపుటాలు తిరగెయ్యాలి.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఆదికాండము మొదటి వచనానికే లింకులు కుప్పలుగా వచ్చి పడతాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతూ పోతే గంటసేపు గడిచినా బుద్ధి దేన్నీ అందుకోదు. కాబట్టి కూర్చునే ముందే హద్దు గీసుకోండి: ఒక వచనం, రాషి, మరొక్క వ్యాఖ్యాత, అంతే. వ్యాఖ్యానం తెరవక ముందు, వచనంలో ఏ మాట అడ్డుపడుతోందో కాగితం మీద రాయండి. ప్రశ్న లేకుండా చదివితే రాషి పొడిపొడిగా అనిపిస్తాడు. పైకి చదవండి. తాల్మూద్ ఎరూవీన్ 53బి–54ఎలో, గొణుగుతూ చదువుతున్న ఒక శిష్యుణ్ణి పండితురాలు బెరూరియా మందలిస్తుంది: 248 అవయవాల్లోనూ చదువు అమరితేనే నిలుస్తుందని. వేదపాఠం విన్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

జతగా చదివే హవ్రూతా పద్ధతికి యాప్ బాగా పనికొస్తుంది. ఒకరు పెరంబూరులో, ఇంకొకరు వేళచ్చేరిలో ఉన్నా ఫోన్‌లో చదువుకోవచ్చు. అయితే తనాఖ్‌కి (హీబ్రూ బైబిలుకి) ఒకటికి మించి ఇంగ్లీషు అనువాదాలున్నాయి. ఇద్దరి తెరల మీదా వేర్వేరువి ఉంటే అరగంట వాదన అనువాదం మీదే నడుస్తుంది. మొదట ఇద్దరూ ఒకే అనువాదం ఎంచుకోండి. ఇద్దరు కూర్చుని తోరా మాట్లాడుకుంటే వాళ్ల మధ్య షెఖినా, అంటే దైవసన్నిధి, ఉంటుందని పిర్కే అవోత్ (రబ్బీల సూక్తుల గ్రంథం) 3:2 చెబుతోంది. ఒంటరి చదువు కన్నా జత చదువునే మేం గట్టిగా సూచించడానికి కారణం ఇదే.

యాప్ తెరలు ఇంగ్లీషు, హీబ్రూల్లోనే ఉంటాయి. తెలుగు బైబిలు పక్కన పెట్టుకునేవాళ్లు సంఖ్యల తేడా చూసుకోవాలి. కీర్తనల శీర్షికలను హీబ్రూ లెక్క చాలాచోట్ల వచనాలుగా లెక్కపెడుతుంది. శుద్ధహృదయం కోరే వచనం తెలుగులో 51:10, సెఫారియాలో 51:12. మలాకీ తెలుగులో నాలుగు అధ్యాయాలు, అక్కడ మూడు. యోవేలు తెలుగులో మూడు, అక్కడ నాలుగు.

కబ్బాలా (యూదు మార్మికత) విభాగం చూడగానే అందులో ముఖ్య గ్రంథమైన జోహర్ తెరవాలనిపిస్తుంది. వద్దు. 13వ శతాబ్దపు స్పెయిన్‌లో వెలుగులోకి వచ్చిన ఆ గ్రంథం తోరా వచనాల మీద వ్యాఖ్యానంగా సాగుతుంది. వచనమూ మిద్రాషూ తెలియకుండా చదివితే పది సెఫిరోత్‌లు (దేవుడు వ్యక్తమయ్యే పది రూపాలు) ఒట్టి పేర్ల పట్టికలా మిగులుతాయి. తాల్మూద్‌కి మూలమైన మిష్నాలో హగీగా 2:1 కూడా, యెహెజ్కేలు రథదర్శనాన్ని తనంతట తాను గ్రహించగల జ్ఞానికి తప్ప ఒక్కరికైనా బోధించొద్దంటుంది. యాప్ తలుపులన్నీ ఒకేలా తెరిచి పెడుతుంది, ఏది ముందో ఏది వెనకో చెప్పదు. గురువు లేని లోటు యాప్ తీర్చదు. మార్మిక చింతన వైపే మనసు లాగుతుంటే తన్యా మొదటి భాగం పట్టుకోండి: 53 అధ్యాయాలు, పక్కనే ఇంగ్లీషు, రోజువారీ పాఠాల పట్టికలో దానికో వరస కూడా ఉంది. షీట్లు, అంటే వాడుకరులు కూర్చిన పాఠాలు, ఎవరైనా పెట్టొచ్చు, అందుకే అందులోని ప్రతి ఉల్లేఖనాన్నీ మూలంలోకి వెళ్లి సరిచూసుకోండి.

తాంబరం–బీచ్ లోకల్‌లో చదవాలంటే సెట్టింగుల్లో ఆఫ్‌లైన్ పుస్తకాలు ముందే వైఫైలో దించుకోండి. మొత్తం గ్రంథాలయం అక్కర్లేదు, తనాఖ్ చాలు. షబ్బాత్ (వారాంతపు విశ్రాంతి దినం) ఆచరించేవాళ్లు ఆ రోజు ఫోన్ ముట్టరు కాబట్టి ఆ వారం పాఠాన్ని శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే అచ్చు తీసుకోవాలి. చెన్నైలో అది కాలాన్ని బట్టి దాదాపు 5:40, 6:40 మధ్య ఉంటుంది, దీపాలు అంతకు 18 నిమిషాల ముందు వెలిగించడం వాడుక. హీబ్రూలో దేవుడి నామం ఉన్న ఆ కాగితాలను పాతపేపర్ల కొట్టుకి వెయ్యకూడదు. విడిగా దాచి, తర్వాత పాతిపెట్టడం ఆచారం.

రోజుకో తాల్మూద్ ఆకు (రెండు వైపులా) చదివే దాఫ్ యోమిలో ఇప్పుడు మధ్యలో దూరకండి. 1923లో రబ్బీ మేయిర్ షపీరో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో మొత్తం 2,711 ఆకులు. 14వ చక్రం 2027 జూన్ 7న ముగిసి, మర్నాడు బెరాఖోత్ 2ఎతో 15వది మొదలవుతుంది. అప్పటిదాకా పిర్కే అవోత్ ఆరు అధ్యాయాలు జతగా చదవండి.