టెంటు, 60 లీటర్ల బ్యాగు: పాసింజరు బండ్లు, ఉప్పుగాలి చూసాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, బ్యాగు కళ్లు మూసుకుని కొనుక్కోండి, టెంటు మాత్రం మన వైపు వాళ్లయితే ఇది మొత్తం చదివాక ఆలోచించుకోండి. కరోనా తగ్గిన ఏడాది రెండూ కలిపి కొన్నాను, అప్పట్నుంచి సెలవు దొరికితే విజయనగరంలో పాసింజరు ఎక్కడం, ఏదో ఒక చిన్న స్టేషన్లో దిగిపోడం, ఆ రాత్రికి అక్కడే ఎక్కడో టెంటు వేసుకుని పడుకోడం, ఇదే పని. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే టెంటు రంగు మార్చి ముద్ర మార్చి ఆన్‌లైన్లో నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, ఏది కొన్నా సరుకు ఒకటే. ఇద్దరు పట్టేది, రెండు పొరలది, లోపల దోమతెర గది, దాని మీద వాన ఆపే షీటు, ఫైబర్ కర్రలు, అయిదు వేల లోపు, బరువు మూడు కిలోల దగ్గర.

నేను కొనేటప్పుడు చదివిన రివ్యూలన్నీ మనాలీ వెళ్లొచ్చినవాళ్లు రాసినవే, చలి ఆగిందా, మంచు పడితే తట్టుకుందా అని. మనకి చలెక్కడిదండీ బాబూ. శ్రీకాకుళం తీరంలో ఉండేది ఉక్క, ఉప్పుగాలి, దోమలు, తెల్లారే ఎండ, వీటి గురించి ఒక్కడూ ఒక్క ముక్క రాయలేదు, అందుకే ఇంత రాస్తున్నా.

బ్యాగు సంగతి ముందు. జనరల్ బోగీకి పనికొచ్చే బ్యాగు వేరు, ట్రెక్కింగు వీడియోల్లో చూపించేది వేరు. దీంట్లో నాకు బాగా నచ్చింది ముందువైపు కిందదాకా ఉన్న జిప్పు, పైనుంచి మాత్రమే తెరిచే బ్యాగులైతే అడుగున పడిపోయిన టవలు కోసం సామానంతా సీటు మీద పరవాలి, పలాస పాసింజర్లో మనిషి కూర్చోడానికే సీటు దొరకదు ఇంక సామాను పరవడం కూడానా. సెకండ్ క్లాసులో 35 కిలోల దాకా సామానుకి ఛార్జీ లేదు కాబట్టి బరువుతో గొడవలేదు, నిండా నింపినా పన్నెండు పదమూడు కిలోలు దాటదు, గొడవంతా చోటుతోనే. పై అరలో అడ్డంగా పడుకోబెడితే పట్టేస్తుంది, సీటు కింద మాత్రం కష్టం, అక్కడ అప్పటికే ఎవరివో గోనెసంచులు ఉంటాయి.

నడుం బెల్టు గురించి రెండు మాటలు. నడిచేటప్పుడు ఇది లేకపోతే నేను లేను, బరువంతా భుజాల మీంచి దించి తుంటి మీద కూర్చోబెడుతుంది, కానీ రైల్లో అటూ ఇటూ వేలాడుతూ కనపడినదాన్నల్లా తగులుకుంటుంది. ఆమదాలవలసలో (అదే, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్) జనం దిగుతుంటే పక్కకి జరిగాను, ఒక పెద్దమ్మ కూరగాయల బుట్ట నా బెల్టుతో పాటు వచ్చేసింది, "ఏటి బావూ, దిగకుండానే నా బుట్ట అట్టుకెల్లిపోతన్నావు" అని ఆవిడ అంటే బోగీ బోగీ నవ్వింది. ఇప్పుడు ఎక్కేముందే బెల్టు వెనక్కి తిప్పి బ్యాగు చుట్టూ క్లిప్పు పెట్టేస్తున్నా, మీరూ అలాగే చెయ్యండి. ఛాతీ దగ్గర క్లిప్పు ఒకటి విరిగింది, గంటస్తంభం వైపు బ్యాగులు కుట్టే ఆయన టీ ఖర్చంత డబ్బుకి వేరేది వేసిచ్చాడు, కంపెనీ వేసినదానికంటే గట్టిగా ఉంది. కుట్లు ఎక్కడా ఊడలేదు. వాన కవరు ఒకటి ఇచ్చారు గానీ అది అలంకారానికే, లోపల పెద్ద ప్లాస్టిక్ సంచి వేసి దాంట్లో బట్టలు పెట్టుకోండి.

ఇంక టెంటు. నేను ఎక్కువగా వెళ్లేది నౌపడా వైపు. విశాఖ నుంచి వచ్చే గుణుపూర్ పాసింజరు పొద్దున్నే విజయనగరంలో పట్టుకుంటే చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస మీదుగా నౌపడా చేరుస్తుంది, అక్కణ్ణుంచి ఆ బండి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ పోతుంది. ఆ బ్రాంచి లైను పర్లాకిమిడి రాజావారు వేయించింది, 1900లో చిన్న గేజుతో మొదలై 2004 దాకా నడిచింది, తర్వాత పీకేసి బ్రాడ్ గేజు చేసారు, 2011కి మళ్లీ గుణుపూర్ దాకా బండి వచ్చింది. పాతపట్నం దిగి మహేంద్రతనయ ఒడ్డున తిరగడం కూడా బావుంటుంది గానీ టెంటు వెయ్యాలంటే నా ఓటు నౌపడాకే. దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, తేలినీలాపురం వెళ్లి చెట్ల నిండా కాపురాలు పెట్టిన గూడబాతుల్నీ ఎర్రకాళ్ల కొంగల్నీ చూసి (చలికాలంలోనే వెళ్లాలి, వేసవికి వెళ్లిపోతాయి), ఉప్పుమళ్ల పక్కనుంచి భావనపాడు వైపు ఆటోలో కొంత నడిచి కొంత, సాయంత్రానికి సముద్రం దగ్గర సరుగుడు తోటలో ఎవరిదో కనుక్కుని అడిగి టెంటు వేసుకోడం. అడక్కుండా ఎక్కడా వెయ్యొద్దు. ఊళ్లో ఒక మాట చెప్పి ఉంచితే రాత్రి మెరైన్ పోలీసులు టార్చి వేసినా భయం లేదు, పైగా మన గురించి చెప్పడానికి ఊళ్లో మనిషి ఉంటాడు. ఒకసారి వేటకెళ్లే వాళ్లు తెల్లారుఝామున టెంటు చుట్టూ చేరి "ఏట్రా ఇది, సర్కస్సోల్లు దిగినారా" అని మాట్లాడుకుంటుంటే మెలకువొచ్చింది, బయటికొస్తే వాళ్లే టీ పోసారు ఫ్లాస్కులోంచి.

వెయ్యడం తేలికే, పది నిమిషాల పని, ఒక్కడివైనా వెయ్యొచ్చు. కానీ దీంతో ఇచ్చిన మేకులు గట్టినేలకి చేసినవి, ఇసకలో దిగబడతాయి గానీ నిలబడవు, రాత్రి గాలి తిరిగితే ఒక్కొక్కటీ పైకొచ్చేస్తాయి. నేను మేకులు మానేసి చిన్న చిన్న గుడ్డ సంచులు కుట్టించాను, వాటిలో ఇసక నింపి తాడు కట్టి మోచేతి లోతున పాతిపెట్టి పైన తొక్కేస్తే టెంటు చిరగాలే తప్ప అది ఊడదు. వెళ్లేటప్పుడు ఇసక పారబోసి మడిచేసుకోడమే, బరువేం లేదు.

లోపలి దోమతెర గది మాత్రం నిజంగా మంచి సరుకు. కన్నాలు సన్నం, దోమే కాదు ఆ చిన్న ఇసక పురుగులు కూడా దూరవు, గాలి బాగా ఆడుతుంది. వాన లేని రాత్రి పై షీటు వెయ్యకుండా ఒక్క తెరతో పడుకుంటే స్వర్గం. షీటు వేసామా, చచ్చామే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫరవాలేదు, మార్చి దాటితే లోపల మనిషి ఉడికిపోతాడు, కిటికీ అని ఒకటి పెట్టారు పైన, అరచెయ్యంత, దాంట్లోంచి ఏ గాలీ రాదు. చలికాలంలో ఇంకో తంటా, సముద్రం పక్కన మంచు ఎంత పడుతుందో తెలుసు కదా, బయట మంచు, లోపల ఇద్దరి ఊపిరి, షీటు లోపలివైపు నీళ్లు పట్టి తెల్లారేసరికి ముక్కు మీద చుక్కలు పడతాయి. టెంటు కారుతోందని ఒక స్టార్ ఇచ్చిన రివ్యూల్లో సగం ఇదే అయ్యుంటుంది, అది కారడం కాదు, మన ఊపిరే. షీటు బాగా లాగి కట్టి, లోపలి తెరకి తగలకుండా చూసుకుని, తలుపు కిందివైపు కొంచెం తెరిచి ఉంచితే చాలావరకు తగ్గుతుంది.

నీడ కూడా చూసుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూల్చేసింది కదా, ఆ తర్వాత వేసిన మొక్కలు చాలాచోట్ల ఇంకా నీడపట్టు ఇచ్చేంత ఎదగలేదు, ఆరున్నరకే ఎండ నేరుగా టెంటు మీద పడి నిద్ర పాడు. అలాగని కాయలున్న కొబ్బరిచెట్టు కింద వెయ్యొద్దు, ఎందుకో చెప్పక్కర్లేదు. సరుగుడే మేలు.

ఇప్పుడు అసలు విషయం. పై షీటుకి 2000 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ అని రాసారు, అంటే రెండు మీటర్ల ఎత్తున నీళ్లు నిలబెట్టినా గుడ్డలోంచి దిగవని లెక్క, అది అబద్ధం కాదు, మొదట్లో అల్పపీడనం వానకి రాత్రంతా తడిసింది, లోపల చుక్క లేదు. కానీ ఆ వాన ఆపేది గుడ్డ కాదు, గుడ్డకి లోపలివైపు పూసిన పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ లాంటిది) కోటింగు, ఆ పూతకి వానకంటే గాలిలో తేమ శత్రువు. తేమ, వేడి కలిసి దాన్ని లోపల్నించి విరగ్గొట్టేస్తాయి, వాడినా వాడకపోయినా. నేను ప్రతిసారీ ఆరబెట్టే మడిచాను, అయినా ఈ మధ్య వానాకాలం అయ్యాక అటక మీంచి దించి విప్పితే షీటు బంక బంకగా చేతికి అంటుకుంటోంది, పులిసిన వాసన, అతుకుల మీద వేసిన టేపు పెచ్చులుగా రాలుతోంది. హిమాలయాల్లో పదేళ్లొచ్చే షీటు మన తీరంలో రాదు. ఇంట్లో దాచేటప్పుడు దాని సంచిలో కుక్కకుండా వదులుగా మడిచి గాలి తగిలేలా గుడ్డ మూటలో పెడితే ఇంకో ఏడాది వస్తుందేమో, అంతే.

కర్రలు కూడా చెప్పాలి. ఫైబర్ కర్ర ముక్కల్ని కలిపే చోట ఇనుప గొట్టాలు ఉంటాయి, ఉప్పుగాలికి అవి తుప్పు పట్టి ఒకదాన్లో ఒకటి బిగుసుకుపోతున్నాయి, ఒక ముక్క పొడుగునా చీలి పేళ్లు లేచింది, చేతికి గుచ్చుకుంటే తియ్యడం నరకం, గొట్టం తొడిగి టేపు చుట్టా. సముద్రం నుంచి రాగానే కర్రలూ జిప్పులూ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, జిప్పు మీద కొవ్వొత్తి రుద్దితే చాలు, నావి ఇంకా బాగానే నడుస్తున్నాయి. డబ్బులుంటే అల్యూమినియం కర్రలదే తీసుకోండి.

చిన్న గ్యాస్ స్టవ్ కూడా సెట్లో వస్తుంది కొందరి దగ్గర, అది తీసుకోకండి. గ్యాస్ డబ్బాలు రైల్లో పట్టుకెళ్లకూడదు, రైల్వే చట్టం 164 సెక్షన్, మూడేళ్ల దాకా జైలు ఉంది దానికి. అయినా మన వైపు వంట అవసరం ఏముంది, ఏ ఊళ్లోనైనా పొద్దున్న చోడంబలి, సాయంత్రం మురీ మిక్చరు దొరుకుతాయి, అడిగితే అన్నం పెట్టే ఇల్లు కూడా.

ఏజెన్సీ వైపు వెళ్లేవాళ్లకి ఒక మాట. పార్వతీపురం, కురుపాం, కొమరాడ చుట్టుపక్కల ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు తిరుగుతూ ఉంటాయి, పొలాల్లో, తోటల్లో, అరటి ఉన్నచోట మరీను. అక్కడ బయట టెంటు వెయ్యడానికి ఇది కాదు, ఏ టెంటూ కాదు. నేను అటు వెళ్తే ఊళ్లో బడి వరండాయో ఎవరి అరుగో అడిగి, ఒక్క దోమతెర గది నిలబెట్టి పడుకుంటా, నేల మీద మేకులు అక్కర్లేకుండా కర్రలతోనే నిలబడుతుంది కాబట్టి సిమెంటు నేలైనా ఇబ్బంది లేదు. నిజానికి ఈ టెంటుకి నేను డబ్బులు వసూలు చేసుకుంది ఇలా వరండాల్లోనే ఎక్కువ.

కొత్త షీటు విడిగా కావాలని అమ్మినవాళ్లకి రాస్తే విడిగా ఇవ్వం, మొత్తం సెట్టు కొనుక్కోండి అన్నారు. సరే అని విజయనగరం బజార్లో ధాన్యం మీద కప్పే పల్చటి టార్పాలిన్ తీసుకుని, మూలలకి రింగులు వేయించి, రెండు చెట్ల మధ్య తాడు కట్టి దాని మీద వేస్తున్నా, టెంటుకి మూరెడు ఎత్తులో. బరువు కొంచెం ఎక్కువ, చుడితే బ్యాగులో పట్టదు, బయట కింది పట్టీలకి కట్టుకోవాలి, కానీ పక్కలన్నీ తెరిచి ఉంటాయి కాబట్టి గాలి ఆడుతోంది, ఊపిరి నీళ్లు పట్టట్లేదు. ఈ కార్తీకంలో బారువలో వేసాను, రాత్రి జల్లు పడింది, పక్కనుంచి కొంచెం తుంపర కొట్టింది తప్ప పడక తడవలేదు. గాలివానకి ఆగుతుందో లేదో ఇంకా చూడలేదు.