విశాఖ–హైదరాబాద్: విమానమా, వందే భారతా?

విశాఖ నుంచి శంషాబాద్‌కు గాలిలో దూరం దాదాపు 510 కిలోమీటర్లు. రైలు విజయవాడ మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది కాబట్టి సికింద్రాబాద్‌కు సుమారు 700.

టికెట్‌పై విమానానికి గంటా ఇరవై నిమిషాలని ఉంటుంది. గాలిలో ఉండేది గంటే, మిగతాది రన్‌వేకి వెళ్లడానికీ, దిగాక గేటు చేరడానికీ. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానమైతే ఇంకాస్త ఎక్కువ. చలికాలంలో పడమటి ఎదురుగాలికి వెళ్లేటప్పుడు ఆలస్యం, వచ్చేటప్పుడు త్వరగా వచ్చేస్తారు.

అసలు లెక్క ఇంటి గుమ్మం నుంచి వేయాలి. విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి ఎయిర్‌పోర్టుకి ముప్పావుగంట, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే ఇంకా ఎక్కువ. లగేజీ కౌంటర్ గంట ముందే మూసేస్తారు, కాబట్టి గంటన్నర ముందుండాలి. దిగాక బ్యాగుకి ఇరవై నిమిషాలు, శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు గంట పైనే. మొత్తం ఐదు గంటలు.

వందే భారత్ ప్రయాణమే ఎనిమిదిన్నర గంటలు, ఇంటి నుంచి ఇంటికి తొమ్మిదిన్నర. సికింద్రాబాద్‌లో పనైతే విమానమే మేలు. వరంగల్, ఖమ్మం వెళ్లేవాళ్లు మాత్రం నిస్సందేహంగా రైలెక్కండి. శంషాబాద్‌లో దిగి మళ్లీ వెనక్కి రావడం దండగ.