చిన్న కణమా, పెద్ద కణమా? కేటలిస్ట్‌కి ఏది మేలు?

కేటలిస్ట్ అంటే తాను ఖర్చవకుండా రసాయన చర్యని వేగం చేసే పదార్థం. ఆ పనికి వాడే లోహ నానో కణాల (నానోమీటరంటే మిల్లీమీటర్‌లో పది లక్షలో వంతు) గురించి ఎవరిని అడిగినా వెంటనే వచ్చే జవాబు ఒకటే: ఎంత చిన్నవైతే అంత మంచిది. సగం వరకు నిజమే. చర్య జరిగేది కణం పైనున్న పరమాణువుల దగ్గరే కాబట్టి, లోపల ఇరుక్కుపోయిన ప్లాటినం, పల్లాడియం మనం డబ్బు పెట్టి కొని దాచిపెట్టినట్టే. లెక్క చూడండి: 13 పరమాణువుల గుత్తిలో 12 పైనే ఉంటాయి, 55 ఉంటే 42, 309 ఉంటే 162. అదే 10 నానోమీటర్ల కణమైతే పైకి కనిపించేవి దాదాపు పది శాతమే. ఒక గ్రాము ప్లాటినాన్ని 10 నానోమీటర్ల గుండ్లుగా చేస్తే సుమారు 28 చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది, 3 నానోమీటర్లకి తగ్గిస్తే 93 దాకా పోతుంది.

ఇక్కడే ఆగిపోతే పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే పైనున్న పరమాణువులన్నీ ఒకేలా పనిచేయవు. ప్లాటినం కణం లోపలి పరమాణువుకి చుట్టూ 12 పొరుగు పరమాణువులుంటాయి, నున్నటి ముఖం మీద దానికి 9, మూల మీదైతే 6 లేదా ఇంకా తక్కువ. పొరుగు తగ్గినకొద్దీ ఆ పరమాణువు దగ్గరికొచ్చిన అణువుని మరీ గట్టిగా పట్టుకుంటుంది. చర్య మొదలవ్వడానికి కొంత పట్టు కావాలి, కానీ పట్టుకున్నది వదలకపోతే ఆ చోటు మూతపడ్డట్టే. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల నుంచి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌లో ఆక్సిజన్‌ని నీరుగా మార్చే ప్లాటినంకి సరిగ్గా ఇదే ఇబ్బంది. కణం చిన్నదయ్యేకొద్దీ గ్రాముకి ఉపరితలం పెరుగుతుంది, అదే సమయంలో ఒక్కో పరమాణువు చేసే పని తగ్గుతుంది, ఈ రెండూ తూగేది సుమారు 3 నానోమీటర్ల దగ్గర.

చిన్న కణాల తరఫున గట్టిగా మాట్లాడేది మాత్రం బంగారం. ముద్దగా ఉంటే దాదాపు దేనితోనూ కలవని ఈ లోహం, 5 నానోమీటర్ల లోపు కణాలుగా సపోర్ట్‌గా, అంటే కణాలని మోసే ఆధారంగా, పనిచేసే సరైన లోహ ఆక్సైడ్ మీద కూర్చుంటే, కార్బన్ మోనాక్సైడ్‌ని సున్నా డిగ్రీల కంటే దిగువన కూడా ఆక్సీకరణం చేస్తుందని జపాన్‌లో హరుతా బృందం 1987లో చూపించింది. నాకు ఇప్పటికీ ఇది అద్భుతంగానే అనిపిస్తుంది. అయితే టైటానియా (టైటానియం ఆక్సైడ్) మీద 1998లో గుడ్‌మన్ బృందం కొలిచినప్పుడు, గరిష్ఠం సుమారు 3 నానోమీటర్ల దగ్గర వచ్చింది, ఇంకా చిన్నవైతే పని మళ్ళీ పడిపోయింది.

కోబాల్ట్ దగ్గర కథ పూర్తిగా అటు తిరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల నుంచి ఇంధనం తయారుచేసే ఫిషర్-ట్రాప్ష్ చర్యలో, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో డి యాంగ్ బృందం 2006లో తేల్చింది ఏమిటంటే: వాతావరణ పీడనం దగ్గర 6 నానోమీటర్ల కంటే పెద్ద కణాల్లో ఉపరితలం మీది ఒక్కో పరమాణువు పని దాదాపు ఒకేలా ఉంటుంది, దాని కిందికి వెళితే వేగం పడిపోతుంది, పైగా మనకి కావలసిన పొడుగు కార్బన్ గొలుసులకి బదులు మీథేన్ ఎక్కువవుతుంది. అలాంటప్పుడు చిన్న కణం కోసం పట్టుబట్టి లాభమేముంది? అమ్మోనియా తయారీలో రుథేనియం అనే లోహానికీ ఇలాంటి అడ్డే ఉంది, నైట్రోజన్ బంధం తెగాలంటే మెట్టులాంటి అంచు దగ్గర అయిదు పరమాణువులు ఒక ప్రత్యేక అమరికలో ఉండాలి, మరీ చిన్న కణం మీద ఆ మెట్టుకే జాగా ఉండదు. ఎథిలీన్ ఆక్సైడ్ పరిశ్రమలో వెండి కణాలు ఇంకా చాలా పెద్దవి.

ప్లాటినం మీద ఎథిలీన్‌కి హైడ్రోజన్ కలిపే చర్య లాంటి వాటికి ఈ గొడవేమీ లేదు, ఏ చోటైనా ఒకటే, అక్కడ కళ్ళు మూసుకుని చిన్నవి తీసుకోవచ్చు.

నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టింపు ఉన్నది మన్నిక మీద. చిన్న కణం తాజాగా ఉన్నప్పుడు ఎంత బాగా పనిచేసినా వేడి తగిలితే కదిలి పక్కదానితో అతుక్కుంటుంది, లేదా దాని పరమాణువులు ఒక్కొక్కటే జారి పెద్ద కణంలో చేరిపోతాయి. కరిగే ఉష్ణోగ్రతలో, కెల్విన్‌లో (సెల్సియస్‌కి 273 కలిపి) లెక్కిస్తే, సగం దాటితే జాగ్రత్త అని ఓ మోటు లెక్క ఉంది. బంగారానికి అది సుమారు 395 డిగ్రీల సెల్సియస్, ప్లాటినంకి దాదాపు 750. కణం చిన్నదైతే ఈ గీత ఇంకా కిందికి జారుతుంది. కాబట్టి వేడి చర్యకి 2 నానోమీటర్ల కణాలు అమర్చి మురిసిపోయేకంటే, కొంచెం పెద్దవైనా సపోర్ట్‌ని గట్టిగా పట్టుకుని ఉండే 4, 5 నానోమీటర్ల కణాలే నయం అంటాను.

కొత్త చర్య చేతికొస్తే నేనైతే ఒకే సపోర్ట్ మీద, ఒకే మోతాదు లోహంతో, సుమారు 2, 5, 10 నానోమీటర్ల నమూనాలు మూడూ చేసి చూస్తాను. గ్రాముకి ఎంత పని జరిగిందన్నది ఒక గ్రాఫ్, పైనున్న ఒక్కో పరమాణువుకి ఎంతన్నది ఇంకో గ్రాఫ్, రెండూ వేరువేరుగా గీస్తాను. చర్య అయిపోయాక అదే పొడిని మళ్ళీ మైక్రోస్కోప్ కింద పెట్టి కణాల సైజు కొలుస్తాను, ఎందుకంటే 2 నానోమీటర్లని పేరు రాసిపెట్టిన నమూనా అప్పటికి 6 అయి ఉంటే, మొదటి సైజు మీద చేసిన లెక్కలన్నీ తిరిగి చేయాల్సిందే.