మాల్టాలో నాలుగు మాటలు: ఏ ఊళ్లో ఉంటే అక్కరకొస్తాయి

మాల్టాకు వెళ్లే తెలుగువారికి భాష అడ్డంకి కానే కాదు. మాల్టీస్‌తో పాటు ఇంగ్లిష్ కూడా అక్కడ అధికార భాషే కనుక, హోటల్ కౌంటరు మొదలుకొని రేవులోని టికెట్ల గది వరకూ పని ఇంగ్లిష్‌తోనే జరిగిపోతుంది. పైగా బస్సులు నడిపేవారిలోనూ, హోటళ్లలో వడ్డించేవారిలోనూ మన దేశస్థులు, నేపాలీలు, ఫిలిప్పీన్స్ వారు చాలామంది కనిపిస్తున్నారు. మనం కష్టపడి నేర్చుకున్న మాల్టీస్ పలకరింపు వారికే అర్థం కాకపోవచ్చు. అయినా కొన్ని మాటలు, అంతకన్నా ముందు ఆ అక్షరాలను పలికే తీరు నేర్చుకొని వెళ్లడం మంచిదనే నేను చెబుతాను. ఆ శ్రమకు ఎంత ఫలితం దక్కుతుందనేది మాత్రం మనం బస చేసే ఊరిని బట్టి ఉంటుంది.

మాల్టీస్ మూలం సిసిలీలో ఒకప్పుడు మాట్లాడిన అరబీ. దాని మీద ఇటాలియన్ మాటలు, తరువాత ఇంగ్లిష్ మాటలు వచ్చి చేరాయి. రాసేది మాత్రం రోమన్ లిపిలో, 30 అక్షరాలతో. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఆ అక్షరాలను ఇంగ్లిష్‌లో లాగా చదివితే ఊరి పేరు ఎవరికీ తెలియదు. ఎక్స్ అక్షరాన్ని ‘ష’ అని పలకాలి కనుక ఆదివారం చేపల సంత జరిగే రేవు మర్సష్లోక్ అవుతుంది. జె అక్షరానికి ‘య’ ధ్వని. చుక్క లేని జెడ్‌ను ‘త్స’ అంటారు. జి పక్కన అడ్డగీత హెచ్ వచ్చినచోట ఆ జంట చాలావరకు మౌనంగానే ఉంటుంది. Għawdex అని రాసే గోజో ద్వీపాన్ని స్థానికులు ఆవ్‌దెష్ అనడం అందుకే. క్యూ అన్నిటికన్నా కష్టం, గొంతులో ఒక్క క్షణం గాలిని ఆపి వదలాలి. ప్రాచీన రాతి ఆలయాలున్న హజర్ ఈమ్ పేరులోని ‘ఈ’కి ముందు ఉండేది ఆ ఆపే. బస్సులో రాబోయే స్టాపు పేరు వినిపిస్తుంది, తెర మీద అక్షరాలు కనిపిస్తాయి. రెండింటినీ జత చేసి గమనిస్తూ కూర్చుంటే డబ్బు కట్టి చేరే ఏ తరగతీ అక్కర్లేదు.

మనకు ఒక సౌకర్యం కూడా ఉంది. మాల్టీస్‌లో ద్విత్వాలు ఎక్కువ. నష్షార్ అనే ఊరి పేరును, వీడ్కోలు చెప్పేటప్పుడు అనే ‘సహ్హా’ను ఇంగ్లండు నుంచి వచ్చిన పర్యాటకులు ఒంటి హల్లుతో తేల్చేస్తారు; ఒత్తులు రాసి పెరిగిన మన నోటికి అవి సహజంగానే వస్తాయి. హైదరాబాదులో అరబ్ సంతతివారు ఉండే బార్కస్ వైపు తిరిగిన వారికి ‘మెర్హ్‌బా’ అనే స్వాగతం కొత్తగా తోచదు. అయితే ఈ పోలికను చూసి అక్కడివారితో అరబీ మొదలుపెట్టడం సముచితం కాదు. వారు కేథలిక్కులు, చర్చిలో దేవుణ్ణి ‘అల్లా’ అనే పిలుస్తారు, తమ భాష తమదేనని పట్టుదలగా భావిస్తారు.

నిజంగా వాడుకలోకి వచ్చే మాటలు కొద్దే. ఉదయం ‘బోంజు’, సాయంత్రం ‘బోన్‌స్వా’, కృతజ్ఞతకు ‘గ్రాత్సి’, అభ్యర్థనకు ‘యెక్ యోజ్బోక్’, ధర అడగడానికి ‘కెమ్’, అవునుకు ‘ఈవ’, కాదుకు ‘లె’. శాకాహారులు ‘బ్లా లహమ్’, అంటే మాంసం లేకుండా, అనే మాటను తప్పక గుర్తుంచుకోవాలి. రబాత్ ఊళ్లో పాస్తిత్సీ, అంటే బఠాణీలో జున్నో కూరి కాల్చే పొరల పిండివంట, అమ్మే దుకాణంలో ఇవి ఎలా పనిచేస్తాయో చూశాను. పొయ్యిలోంచి అప్పుడే తీసిన పెద్ద రేకు పళ్లెం, పొరలు పొరలుగా విచ్చిన పిండి అంచులు, కౌంటరు వెనుక తల ఎత్తకుండా కాగితపు సంచులు నింపుతున్న ఒక పెద్దావిడ. ‘త్నెయ్న్ తాల్ పిజెల్లి, యెక్ యోజ్బోక్’ అని రెండు బఠాణీవి అడగగానే ఆమె తల ఎత్తి, ఏ దేశమని అడిగి, తరువాతి సంభాషణనంతా ఇంగ్లిష్‌లోనే నడిపింది. అంతటితో మాల్టీస్ పని అయిపోయింది, కానీ పిండిలో పంది కొవ్వు కలిసిందా లేదా అన్న నా సందేహానికి ఓపికగా జవాబు దొరికింది.

బస విషయానికి వస్తే, స్లీమా, సెయింట్ జూలియన్స్ ప్రాంతాల్లో హోటళ్లు, సముద్రపు ఒడ్డు, బస్సుల సౌకర్యం అన్నీ బాగున్నాయి. కానీ అక్కడి మాల్టా కుటుంబాలే చాలావరకు ఇళ్లలో ఇంగ్లిష్ మాట్లాడతాయి. నైట్‌క్లబ్బులుండే పాచెవిల్ పక్కన గది తీసుకుంటే రాత్రి నిద్ర కూడా ఉండదు. వల్లెట్టా చూడవలసిన నగరమే గానీ, మెట్ల వీధుల మీదుగా పెట్టెలు మోసుకుపోవాలి, పాత భవనాల్లోని బసల్లో చాలాచోట్ల లిఫ్టు ఉండదు. పెద్దవారితో వెళ్లేవారు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మేలు. భాష వినాలన్న కోరిక ఉంటే ఇమ్‌దీనా కోట గోడల పక్కనే ఉన్న రబాత్‌లో గానీ, గోజోలోని విక్టోరియాలో గానీ దిగాలి. విక్టోరియాను కూడా గోజోవాసులు రబాత్ అనే అంటారు కాబట్టి దారి అడిగేటప్పుడు ద్వీపం పేరు కలపడం అవసరం.

నా ఓటు విక్టోరియాకే. నేను దిగిన చిన్న గెస్ట్‌హౌస్‌లో వేడినీళ్లు ఆలస్యంగా వచ్చేవి, అల్పాహారం సాదాగా ఉండేది. అయినా ఎదురింటివారి ‘బోంజు’తో రోజు మొదలయ్యేది. గోజోలో బస్సులు తరచుగా ఉండవు, కానీ దాదాపు అన్ని రూట్లూ విక్టోరియా నుంచే బయలుదేరుతాయి. ప్రధాన ద్వీపంలోని చిర్కెవ్వా నుంచి గోజోలోని ఇమ్‌జార్ రేవుకు పడవలో సుమారు 25 నిమిషాలు పడుతుంది. వెళ్లేటప్పుడు ఛార్జీ అడగరు, తిరుగు ప్రయాణంలో ఇమ్‌జార్‌లోనే వసూలు చేస్తారు.