ఆరు సీజన్లుగా నా రౌండ్ బేలర్: తిప్పలన్నీ దారంతోనే

ఆరు సీజన్లుగా ఈ బేలర్ వాడుతున్నాను. ట్రాక్టర్ వెనక తగిలించి గడ్డిని గుండ్రటి చుట్టలుగా, అంటే మోపులుగా కట్టే యంత్రం ఇది. గడ్డి ఎత్తుకోవడంలో గానీ, చుట్ట బిగువులో గానీ వంక పెట్టలేను. బెల్టులు, బేరింగులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. విసిగించింది దారమే. నాది నెట్ (దారం బదులు చుట్టే వల) లేని మోడల్ కాబట్టి దారం ఆగితే పని ఆగినట్టే.

మొదట్లో ఎక్కువగా వచ్చిన సమస్య, దారం చుట్టకు అందకపోవడం. చుట్ట నిండిందని బజర్ మోగేది, దారాన్ని అందించే ఆర్మ్ కదిలేది, దారం మాత్రం అక్కడే వేలాడుతూ ఉండేది. తప్పు నాదే. బజర్ వినగానే ట్రాక్టర్ ఆపేసేవాణ్ణి. లోపలికి వెళ్లే గడ్డే దారం కొసను లాక్కుపోవాలి. ఇప్పుడు ఇంకొన్ని అడుగులు మెల్లగా పోనిచ్చి, దారం పరుగు అందుకున్నాకే ఆపుతున్నాను. పీటీఓ (ట్రాక్టర్ నుంచి బేలర్‌ను తిప్పే షాఫ్టు) మాత్రం తిరుగుతూనే ఉండాలి.

కొస పొట్టిగా ఉన్నా ఇదే గొడవ. దారం టెన్షన్ (బిగువు) మరీ పెంచితే, తెగిన మరుక్షణం ప్లాస్టిక్ దారం సాగిన రబ్బరులా వెనక్కి జారి గొట్టంలోకి పోతుంది. వదులు చేస్తే కత్తికి దారం తెగదు, చుట్టిన దారం కూడా వదులుగానే ఉంటుంది. అందుకే టెన్షన్ స్ప్రింగు నట్టును ఒకేసారి ఎక్కువ తిప్పను. అర చుట్టు తిప్పి, రెండు మోపులు కట్టి చూస్తాను. కత్తి మొద్దుబారి ఉంటే ఈ సర్దుబాటంతా వృథా. కోసిన కొస పీచులు పీచులుగా కనిపిస్తే ముందు కత్తికి పదును పెట్టాలి.

మూడో సీజన్ మాత్రం బాగా ఏడిపించింది. చుట్టే మధ్యలో దారం తెగేది, అదీ ఎడమ దారమే. దారం నాసిరకమనుకుని వేరే రకం తెచ్చాను. అదీ తెగింది. ఒక సాయంత్రం ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, దారం ఉండలు ఉండే పెట్టె దగ్గర నుంచి దారాన్ని చేత్తో మెల్లగా లాగాను. ఒకచోట వేళ్లకు గరగరమని తగిలింది. అక్కడ దారం దూరి వెళ్లే ఇనుప రింగు విప్పి చూస్తే, లోపలి అంచున గోటితో గీసినంత సన్నని గాడి, అందులో నీలం పీచు కుచ్చు. అన్ని వేల మీటర్ల దారం ఒకేచోట రాసుకుని ఇనుమునే కోసేసింది! రింగు మార్చాక ఆ తెగడం ఆగింది. అప్పటి నుంచి సీజన్ మొదట్లో ప్రతి రింగులోనూ దూది ముక్క తిప్పుతాను. దూది ఎక్కడ చిక్కితే ఆ రింగు మార్చేస్తాను.

దారం ఉండలు కలిపేటప్పుడు మొదటి ఉండ బయటి కొసను, రెండో ఉండ లోపలి కొసకు ముడి వేయాలి. ముడి చిన్నదిగా, గట్టిగా ఉండాలి, మిగిలిన కొసలు కత్తిరించాలి. ప్లాస్టిక్ దారం జారుడు కాబట్టి నేను గట్టిగా లాగి చూడనిదే వదలను. చుట్ట అంచు నుంచి సుమారు 5 అంగుళాలు వదిలి కట్టేలా పెట్టాక, దారం పక్కకు జారి ఊడిపోవడం తగ్గింది.

మెషిన్ తిరుగుతుండగా దారాన్ని చేత్తో అందించే పని ఎవరూ చేయొద్దు. దారంతో పాటు చెయ్యి కూడా పోతుంది.

మళ్లీ కొంటానా? రోజుకు కొద్ది మోపులే కట్టేవాళ్లకు ఇదే కొనమంటాను. పగలంతా ఆపకుండా కట్టేవాళ్లు మాత్రం నెట్ ఉన్నదే చూసుకోండి, దారం చుట్టడానికి పట్టే సమయం ప్రతి మోపుకూ కలుస్తూ పోతుంది.